రేకులు లేచిన చప్పుడు

శ్రోతలకు నమస్కారం.

2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. తెల్లవారుజామున పర్లాకిమిడిలో మా చిన్నమ్మ ఇంటి రేకులు లేచిపోయాయి. తర్వాత స్లాబు వేశారు. అయినా ఇప్పటికీ గాలి కాస్త గట్టిగా వీస్తే, చిన్నమ్మ తింటున్న కంచం వదిలేసి వెళ్లి తలుపు గడియ పట్టుకుని నిలబడుతుంది. చేతికున్న అన్నం మెతుకులు ఎండిపోయేదాకా అలాగే. "స్లాబు కదా చిన్నమ్మా" అంటే, "తెలుసురా" అంటుంది. తెలుసు. తెలిసినా కాళ్లు వణుకుతాయి.

ఇలాంటి భయం, పీడకలలు, ఉలికిపాటు నెలలు గడిచినా వదలకపోతే డాక్టర్లు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. దానికి ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి పరీక్షిస్తున్నారు. అందులో ఉండేది ఆక్సిటోసిన్. కాన్పులో నొప్పులు తెచ్చేదీ, తల్లికి పాలు చేపేదీ ఆ హార్మోనే. గేదెలకు దొంగచాటుగా పొడిచే పాల సూది కూడా అదే.

ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన పరీక్ష నాకు బాగా నచ్చింది. ఈ స్ప్రే పీటీఎస్‌డీని ముందే ఆపగలదేమో చూడటానికి, ప్రమాదాల్లాంటివి జరిగి ఎమర్జెన్సీకి వచ్చిన 120 మందిని తీసుకున్నారు. కొందరికి హార్మోను, కొందరికి మందు లేని ఉత్త స్ప్రే. రోజుకు రెండుసార్లు, ఎనిమిది రోజులు. ఎవరికి ఏది అందిందో వాళ్లకు తెలియదు. నెలన్నర తర్వాత చూస్తే, మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు! కానీ మొదట్లోనే బాగా బెదిరిపోయినవాళ్లలో, హార్మోను అందినవాళ్లకు తర్వాతి నెలల్లో బాధ తగ్గింది. లేదన్నది లేదనే రాశారు. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

కాబట్టి మందుల షాపులో ఈ స్ప్రే అడగకండి. పాల సూది జోలికి అసలే పోకండి. ఈ జబ్బుకు బాగా పనిచేస్తుందని తేలింది, తెలిసిన నిపుణుల దగ్గర కూర్చుని జరిగింది చెప్పుకుంటూ చేసే చికిత్స. దారి తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బులు అక్కర్లేదు, రాత్రయినా పగలయినా సరే.

చిన్నమ్మకు ఆ నంబరుకు ఫోన్ నేనే కలిపి ఇచ్చాను. మొదటిసారి పేరు చెప్పి ఊరుకుంది. రెండోసారి, రేకులు లేచినప్పటి చప్పుడు ఎలా ఉందో చెప్పింది. ఆ మాట ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.