ఇంటి పాలసీకి సున్నా, కార్మికుడి పాలసీకి 18 శాతమా?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ పోలేదు! పోయిందని పండగ చేసుకున్నాం, కానీ పోయింది కొందరికే. కార్మికుల కోసం యజమాని తీసే పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం, 22 నుంచి కొత్త రేట్లు... ఇవన్నీ మీకు తెలిసినవే. "హెల్త్ ఇన్సూరెన్స్‌కి జీరో" అని టీవీలన్నీ ఊదరగొట్టాయి. వ్యక్తిగత పాలసీలకు మాత్రమే అన్న ఒక్క మాట మాత్రం ఆ హోరులో కొట్టుకుపోయింది. మీ పేరు మీద తీసుకున్నా, ఇంటిల్లిపాదికీ ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకున్నా సున్నా. అదే ఒక చిన్న యూనిట్ ఓనరు తన దగ్గర పనిచేసేవాళ్లకి గ్రూప్ పాలసీ, అంటే అందరికీ కలిపి ఒకే పాలసీ, తీస్తే 18 శాతం కట్టాలి.

ఒక లెక్క వేద్దాం. యూనిట్‌లో 40 మంది, తలకి 8,000 ప్రీమియం అనుకోండి. మొత్తం 3,20,000. దాని మీద జీఎస్టీ 57,600. "వ్యాపారం కదా, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నుని తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) వస్తుందిగా" అంటారు. రాదండీ! జీఎస్టీ చట్టంలో సెక్షన్ 17(5) చూడండి. ఉద్యోగులకు ఈ బీమా ఇచ్చి తీరాలని ఏదైనా చట్టం చెబితే తప్ప, మామూలు వ్యాపారికి దీని మీద క్రెడిట్ లేదు. అంటే తన మనుషుల గురించి ఆలోచించి సొంతంగా ముందుకొచ్చినవాడికే ఆ భారం! ఆ 57,600తో ఇంకో ఏడుగురికి కవర్ వచ్చేది.

ఈఎస్ఐ, అదే ఉద్యోగులకు ప్రభుత్వ వైద్య బీమా, ఉందిగా అంటారా? దానికి జీతం పరిమితి 21,000, అది పెట్టింది 2017లో. ఒక కార్మికుడి జీతం 22,000కి పెరిగితే, ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా లెక్కేసే ఆరు నెలల గడువు) అవ్వగానే ఈఎస్ఐ నుంచి బయటికి. వెయ్యి రూపాయలు పెరిగినందుకు ఇంట్లోవాళ్ల వైద్యం పోయింది. ఇక అతనికి దిక్కు కంపెనీ తీసే గ్రూప్ పాలసీయే. సరిగ్గా అక్కడే పన్ను వేస్తున్నారు.

అమ్మానాన్నల సంగతి ఇంకా ఘోరం. నాన్నకి షుగరు, బీపీ ఉంటే, విడిగా పాలసీ కొన్నా ముందునుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల వరకు ఆగమని కంపెనీ చెప్పొచ్చు. చాలా గ్రూప్ పాలసీల్లో ఆ నిరీక్షణ ఉండదు, మొదటి రోజు నుంచే కవర్. అందుకే జీతంలో కోత పెట్టించుకుని మరీ తల్లిదండ్రుల్ని అందులో చేర్పిస్తారు. ఆ కోతలో కూడా జీఎస్టీ ఉంటుంది!

ఎందుకిలా చేశారు? నా థియరీ నేను చెప్తా. ఇంటి పాలసీ బిల్లులో జీఎస్టీ విడిగా కళ్లకి కనిపిస్తుంది, జనానికి కోపం వస్తుంది. 2024 జులైలో కేంద్రమంత్రి గడ్కరీ కూడా ఈ పన్ను తీసేయమని ఆర్థికమంత్రికి లేఖ రాశారు, పెద్ద దుమారం లేచింది. గ్రూప్ పాలసీలో అయితే ఆ పన్ను కంపెనీ ఖాతా పుస్తకాల్లో కలిసిపోతుంది. కార్మికుడికి తెలియదు, గొడవ చెయ్యడు. దేశంలో ఆరోగ్య బీమా ప్రీమియంలో సుమారు సగం గ్రూప్ పాలసీలదే. అంత ఆదాయాన్ని, అడిగేవాళ్లు లేనిచోట ఎందుకు వదులుకుంటారు? నేను నమ్మేది ఇదే.

ఇంకోటి, ఇది మీ ఇంటికి సంబంధించింది. బ్యాంకులో ఖాతా ఉందని తక్కువ ప్రీమియంతో అంటగట్టిన పాలసీలు ఉంటాయి చూడండి, వాటిలో చాలావరకు గ్రూప్ పాలసీలే. కాగితం తీయండి. పైన "సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్" అని ఉండి, "మాస్టర్ పాలసీ హోల్డర్" దగ్గర బ్యాంకు పేరు ఉంటే అది గ్రూపే. మీరు ఒక్కరే డబ్బు కట్టినా సరే, 18 శాతం పడుతుంది.

ఇప్పుడే వెళ్లి చూడండి. మీ కాగితం మీద ఏముందో, రెన్యువల్‌లో జీఎస్టీ ఎంత పడిందో కింద కామెంట్‌లో రాయండి. పాలసీ నంబరు మాత్రం పెట్టకండి. యూనిట్లు నడిపేవాళ్లు, మీ సీఏని సెక్షన్ 17(5) గురించి అడిగి ఏం చెప్పారో కూడా రాయండి.