నౌపడ దగ్గర చిన్న రైలు

అందరికీ నమస్కారం అండి. సికింద్రాబాద్‌లో రైలెక్కి పలాస వైపు వెళ్లేవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు, శ్రీకాకుళం రోడ్ దాటాక నౌపడ అని ఒక స్టేషన్ వస్తుంది, ఉప్పు మళ్లకి పేరున్న ఊరు, కిటికీ పక్కన కూర్చున్నా మనం పెద్దగా పట్టించుకోం. అక్కడ 2004 దాకా ఇంకో చిన్న రైలు ఆగేది, ఇవాళ దాని గురించే చెప్తాను.

1890ల్లో మద్రాసు-కలకత్తా లైను తీరం వెంబడి వేశారు. పర్లాకిమిడి ఏమో 40 కిలోమీటర్లు లోపలికుంది, పెద్ద జమీందారీకి రాజధాని అయ్యుండీ రైలు లేదు. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి గారు ఎవరి కోసమూ ఆగకుండా తనే లైను వేయించుకున్నారు, దాదాపు 7 లక్షల ఖర్చు, 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే, ఖర్చు తక్కువ, మలుపులు తేలిక. మొదట్లో లాభాలు రాలేదు, అయినా ఆపలేదు, 1931కల్లా గుణుపురం దాకా పొడిగించారు, మొత్తం 90 కిలోమీటర్లు.

నౌపడే దీనికి గుండెకాయ అని నా నమ్మకం. మెయిన్ లైను పట్టాలు అయిదున్నర అడుగులు కదా, చిన్న బండి పెట్టె దాని మీదకి ఎక్కదు, అంటే పెద్ద లైనుకి పోవాల్సిన ప్రతి బస్తా ఇక్కడ దించి మళ్లీ ఎక్కించాల్సిందే, మనుషులూ అంతే, దిగి బండి మారాల్సిందే. ఆ పని చేసిన కూలీల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు, నాకు అన్నిటికన్నా బాధనిపించేది అదే.

1936లో ఒరిస్సా ఏర్పడింది. పాతపట్నం మనవైపు ఉండిపోయింది, పక్కనే ఉన్న పర్లాకిమిడి అటు పోయింది, గిడుగు రామమూర్తి గారు తట్టుకోలేక దశాబ్దాలు బతికిన ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. రైలు మాత్రం రెండు వైపులా తిరుగుతూనే ఉంది, 1990ల దాకా ఆవిరి ఇంజన్లతోనే లాగారు, ఆ తర్వాతే డీజిల్ వచ్చింది.

2011కి బ్రాడ్ గేజ్, అంటే మెయిన్ లైనంత వెడల్పు పట్టాలు, గుణుపురం చేరింది. అది రావాల్సిందే, ఆ ఊళ్లకి చాలా అవసరం, నాకూ సంతోషమే. కానీ పాత స్టాపుల సంగతి రాసిపెట్టే పని ఇంకా చాలా మిగిలుంది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం వైపు వాళ్లెవరైనా ఇక్కడుంటే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఇంజనుకి నీళ్లు ఎక్కడ పట్టేవాళ్లు, టికెట్ ఎంత, నౌపడలో బస్తాలు మోసింది ఎవరు, ఫోన్‌లోనే రికార్డ్ చేయండి చాలు. పాత టికెట్టో ఫొటోనో దొరికితే మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, నేను ఇక్కడే ఉంటాను.