చేతినిండా పని: ఫ్రీలాన్స్ కళాకారులకు అది ఎప్పుడు బలం?

[తెరపై: ఒకే బల్ల మీద సగం గీసిన ముఖచిత్రం, ఎడిటింగ్ నడుస్తున్న పెళ్లి వీడియో, ఇంకా తేలని లోగో.]

సొంతంగా పనులు ఒప్పుకొని బతికే చిత్రకారులు, డిజైనర్లు, వీడియో ఎడిటర్లలో చాలామంది ఖాళీగా గడిచిన వారం కంటే ఊపిరి సలపని వారంలోనే హుషారుగా కనిపిస్తారు. దీన్ని పని పిచ్చి అని కొట్టిపారేయడం తొందరపాటు. ఈ నెల చేసిన పనికి డబ్బు తరచుగా రెండు మూడు నెలలకు గానీ చేతికి రాదు కాబట్టి, నేటి ఖాళీ నేడు బాధించదు. తరువాతెప్పుడో ఇంటి అద్దె కట్టవలసిన రోజున తెలుస్తుంది. పాత బిల్లు వసూలు కాకముందే కొత్త పని ఒప్పుకోవడం అందువల్ల అత్యాశ కాదు, ఈ వృత్తి లెక్కే అటువంటిది.

అయితే ఆ ఒత్తిడిలో అందరూ ఒకేలా నిలబడలేరు. తేడా పనుల సంఖ్యలో కంటే వాటి వేగంలో ఉందని నా అభిప్రాయం. న్యాయశాస్త్రం చదివి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిన బాపు, 1967లో సినిమా దర్శకుడైన తరువాత కూడా ముఖచిత్రాలు, కార్టూన్లు, కథలకు బొమ్మలు వేయడం మానలేదు. సినిమా నెలల తరబడి ఎందరి మీదో ఆధారపడి సాగేది. కార్టూన్ కూర్చున్న చోట ఒక్కరే ముగించగలిగేది. ఇలా వేగం వేరైన పనులు చేతిలో ఉంటే, ఒకటి ఎవరి ఆమోదం కోసమో ఆగినప్పుడు మరొకటి కదులుతుంది. అదే మూడు లోగోలు ఒకే శుక్రవారం ఇవ్వవలసి వస్తే, మూడో క్లయింటుకు అందేది మొదటి ఇద్దరూ వాడుకోగా మిగిలిన ఆలోచనే.

[తెరపై: ఒక పని పక్కన పెట్టి మరొకటి తెరుస్తున్న చేతులు.]

పని మారినంత తేలికగా మనసు మారదు. సగంలో వదిలిన పని మీద ధ్యాస కొంత అక్కడే చిక్కుకుపోయి, తరువాతి పని నాణ్యతను తగ్గిస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. పని ఎక్కడ ఆగింది, మళ్లీ కూర్చున్నప్పుడు మొదట ఏం చేయాలి అన్నది లేచేముందు క్లుప్తంగా రాసిపెట్టుకుంటే ఆ చిక్కు తగ్గుతుందని ఆమె మరొక పరిశోధకురాలితో కలిసి చేసిన తరువాతి అధ్యయనం తేల్చింది. ఖరీదైన యాప్‌లు అక్కరలేదు, చిత్తుకాగితం చాలు.

ఇక సంపాదన లేని హడావిడి వేరే ఉంది. “చిన్న మార్పే కదండీ” అనే మాటతో మొదలై ఏడో వెర్షన్ దాకా సాగేది అదే. ఎన్నిసార్లు మార్పులు ఉచితమో, ఆపైన ఎంత రుసుమో, అడ్వాన్సు ఎంతో పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

[తెరపై: ఇన్‌వాయిస్ నమూనా.]

వసూళ్ల విషయంలో చట్టం చాలామంది అనుకునే దానికంటే గట్టిగా ఉంది. సేవలు అందించే వ్యక్తి కూడా చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. అలా నమోదైన వారికి, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా పనిని స్వీకరించిన 45 రోజులలోపు డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా లెక్కగట్టే చక్రవడ్డీ కూడా ఇవ్వాలి. ఉద్యమ్ నంబరును, గడువు తేదీని ఇన్‌వాయిస్ పైభాగంలోనే ముద్రిస్తే, క్లయింటు అకౌంట్స్ విభాగం ఆ బిల్లును పక్కన పడేసే ముందు ఒకసారి ఆలోచిస్తుంది.