నక్షా ఉచితం, మరి ఇటుకలు?

నమస్కారం. ఎవరో ఆర్కిటెక్టు ఫీజు తీసుకోకుండా పల్లెటూరి బడికి ప్లాను గీసి ఇచ్చారని వార్త వస్తే మనకు సంతోషం కలుగుతుంది. కలగవలసిందే. అయితే ఒక చిన్న లెక్క వేద్దాం. ఇల్లు కట్టించినవాళ్లకు తెలుసు, మొత్తం ఖర్చులో ఆర్కిటెక్టు ఫీజు మామూలుగా పదో వంతు కూడా ఉండదు. ప్లాను ఉచితంగా చేతికొచ్చినా రూపాయికి తొంభై పైసలు ఇంకా వెతుక్కోవలసిందే. ఇటుక, ఇనుము, సిమెంటు, మేస్త్రీ కూలి, లారీ కిరాయి... వీటిలో ఏదీ మన మీద జాలిపడి ధర తగ్గించుకోదు. ఆ తొంభై పైసల సంగతి నాకెందుకు అని ఆర్కిటెక్టు అనుకుంటే ఆ కాగితం బీరువాలో చుట్ట చుట్టుకుని పడుంటుంది.

అందుకే సేవాభావంతో పనిచేసే ఆర్కిటెక్టుల్లో నేను ముందుగా గౌరవించేది బొమ్మ బాగా గీసేవాళ్లను కాదు, చందా కోసం నలుగురి ముందూ చెయ్యి చాపినవాళ్లను. అలాంటి మనిషి ఒకరున్నారు. పేరు ఫ్రాన్సిస్ కేరే.

పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం. అందులో గాండో అనే చిన్న ఊరు. అప్పట్లో కరెంటు లేదు, బడి లేదు. 1965లో ఆ ఊరి పెద్ద ఇంట్లో తొలి కొడుకుగా పుట్టారు కేరే. చదువు కావాలంటే ఇల్లు వదలాలి. ఏడేళ్ల వయసులో టెంకోడోగో పట్టణానికి పంపించారు. గాండో నుంచి బడికి వెళ్లిన మొదటి పిల్లవాడు ఆయనే. అక్కడి తరగతి గది గురించి ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. కిక్కిరిసిన పిల్లలు, చాలని వెలుతురు, గాలి ఆడని గోడలు. ఎండలు మండే దేశంలో అలాంటి గదిలో కూర్చుని లెక్కలు నేర్చుకోవడం ఎలా ఉంటుందో మే నెలలో రేకుల షెడ్డు కింద పరీక్ష రాసినవాళ్లకు నేను వివరించనక్కరలేదు.

సెలవులకు ఊరొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఊళ్లోని ఆడవాళ్లంతా తమ దగ్గర దాచుకున్న చివరి నాణెం తీసి ఆ పిల్లవాడి చేతిలో పెట్టేవారట. ఎందుకమ్మా అని తల్లిని అడిగితే, నీ చదువుకు వీళ్లందరూ డబ్బు ఇస్తున్నారు, నువ్వు చదువుకుని వచ్చి ఊరికి మేలు చేస్తావని వాళ్ల ఆశ అని చెప్పిందట. ముందు ముందు జర్మనీవాళ్లూ వస్తారు, కానీ ఈ కథలో మొదటి దాతలు వాళ్లు కారు. గాండో ఆడవాళ్లు.

1985లో వడ్రంగం నేర్చుకోవడానికి ఉపకార వేతనం దొరికి కేరే బెర్లిన్ వెళ్లారు. రాత్రి బడిలో చదివి పరీక్షలు ప్యాసై, 1995లో అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్‌లో చేరారు. పట్టా చేతికి రాకముందే, 1998లో, గాండోకు బడి ఇటుకలు అనే అర్థం వచ్చే జర్మన్ పేరుతో ఒక సంఘం పెట్టారు. తోటి విద్యార్థులను ఆయన పెద్ద మొత్తాలు అడగలేదు. కాఫీకీ సిగరెట్లకూ పెట్టే డబ్బులో కొంత మా ఊరి ఇటుకలకు ఇవ్వండి అన్నారు. అడిగే పద్ధతి చూడండి. పేదరికం ఫొటోలు చూపించి కన్నీళ్లు పెట్టించడం లేదు. ఇంత డబ్బుకు ఇన్ని ఇటుకలు, అంతే. ఇచ్చేవాడికి తన డబ్బు ఏ గోడలో ఉందో తెలుస్తుంది.

డబ్బు కూడింది. ఊరికి వచ్చి మట్టితో బడి కడదామన్నారు. ఊరివాళ్లు నివ్వెరపోయారు. జర్మనీ వెళ్లి ఇంత చదువు చదివి మట్టి గోడలా? మట్టి ఇల్లు ఒక వానాకాలం దాటితే గొప్ప అని వాళ్ల అనుభవం. వాళ్లను తప్పుపట్టలేం. మన ఊళ్లలో కూడా మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేస్తేనే ఆ ఇల్లు బాగుపడిందని లెక్క. ఉపన్యాసం చెప్పి ఆ మాటను ఎవరూ మార్చలేరు. కేరే నమూనాగా మట్టి ఇటుకలతో ఒక కమాను కట్టి, తన బృందంతో కలిసి దాని మీదికెక్కి గంతులు వేశారు. కమాను నిలిచింది. ఊరు ఒప్పుకుంది.

ఆ మట్టి ఊరికే తొక్కి పెట్టిన మట్టి కాదు. కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంలో అదిమి చేసిన ఇటుక. వానకు కరగదు, ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. అసలు తెలివి పైకప్పులో ఉంది. రేకు వేస్తే వేడి, వేయకపోతే వాన. అందుకని ఆయన తరగతి గదికి ఇటుకలతోనే ఒక లోకప్పు వేసి, అందులో గాలి వెళ్లే సందులు వదిలారు. రేకుల కప్పును దానికి తగలకుండా పైకి ఎత్తి నిలబెట్టారు. గదిలోని వేడి గాలి పైకి లేచి ఆ సందుల గుండా బయటికి పోతుంది, కిందనుంచి చల్లగాలి వస్తుంది. ఫ్యాను లేదు, కరెంటు బిల్లు లేదు. రేకులను మోసే చట్రాలకు పెద్ద ఉక్కు దూలాలు కావాలంటే క్రేన్ కావాలి. గాండోకు క్రేన్ ఎక్కడినుంచి వస్తుంది? స్లాబులో వేసే మామూలు ఇనుప ఊచలనే రంపంతో కోసి, చిన్న వెల్డింగు యంత్రంతో అతికి, మనుషులు చేతులతో ఎత్తగలిగేంత తేలికగా తయారు చేయించారు.

పిల్లలు పునాదికి రాళ్లు మోసుకొచ్చారు. ఆడవాళ్లు ఇటుకల తయారీకి నీళ్లు తెచ్చారు, నేల దిమ్మిస చేశారు. ఇటుకలు చేయడంలో ఊరి కుర్రవాళ్లకు శిక్షణ దొరికింది. 2001లో బడి తెరిచారు. 2004లో దానికి ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ పురస్కారం వచ్చింది, 2022లో కేరేకు ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి ఆర్కిటెక్టు ఆయనే. బహుమతుల మాట అంతటితో చాలు. నాకు ముఖ్యంగా తోచేది వేరే విషయం. పిల్లలు ఎక్కువై గదులు చాలకపోతే 2008లో బడిని పెంచగలిగారు. ఉపాధ్యాయులకు ఇళ్లు కట్టగలిగారు. పని నేర్చిన మేస్త్రీలు ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి. బయటినుంచి గుత్తేదారు వచ్చి కట్టి వెళ్లిపోయి ఉంటే గోడ పగిలిన రోజు ఎవరిని పిలుస్తారు?

ఇప్పుడు జపాన్‌కు చెందిన షిగేరు బాన్ దగ్గరికి వద్దాం. ఈయన కాగితం గొట్టాలతో కట్టే ఆర్కిటెక్టుగా పేరుపొందారు. బట్టల తాను చుట్టుకొచ్చే అట్ట గొట్టం ఉంటుందే, ఆ జాతి గొట్టాలే, బలంగా చేసినవి. 1994లో రువాండా మారణహోమం నుంచి లక్షల మంది పారిపోయారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాళ్లకు ప్లాస్టిక్ పట్టాలు ఇచ్చింది. గుడారం నిలబెట్టాలంటే గుంజలు కావాలి, అందుకని చెట్లు నరికేశారు. అడవి పోతోందని సంస్థ అల్యూమినియం గొట్టాలు ఇచ్చింది. వాళ్లు అల్యూమినియం అమ్ముకుని మళ్లీ చెట్లే నరికారు. నవ్వకండి, ఆకలితో ఉన్న మనిషి చేతిలో ఖరీదైన లోహం పెడితే ఇంకేం చేస్తాడు? బాన్ జెనీవా వెళ్లి ఆ సంస్థకు కాగితం గొట్టాలు వాడమని సూచించారు. చవక, తేలిక, అమ్ముకుందామంటే పెద్దగా ధర పలకదు. ఈ చివరి గుణమే దానికి పెద్ద అర్హత.

మరుసటి ఏడాది జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో భూకంపం వచ్చింది. నగాటా అనే పేటలో టకటోరి చర్చి కాలిపోయింది. ఆ చర్చిని నమ్ముకుని బతుకుతున్న వియత్నాం శరణార్థులు పార్కులో ప్లాస్టిక్ పట్టాల కింద ఉండిపోయారు. ప్రభుత్వం తాత్కాలిక ఇళ్లు దూరంగా ఇస్తానంటే వెళ్లలేరు, కూలి పని ఇక్కడుంది. బాన్ వచ్చి కాగితం గొట్టాలతో చర్చి కట్టిస్తానంటే అక్కడి ఫాదర్ మొదట ఒప్పుకోలేదు. మంటల్లో కాలిన చోట కాగితంతో కట్టడమా అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. బాన్ ప్రతి ఆదివారం టోక్యో నుంచి వస్తూనే ఉన్నారు. చివరికి డబ్బూ మనుషులూ నువ్వే తెచ్చుకుంటే సరే అన్నమాట మీద పని మొదలైంది. బాన్ విరాళాలు పోగుచేశారు, విద్యార్థులను తీసుకొచ్చారు.

చర్చితోపాటు శరణార్థులకు ఇళ్లూ కట్టారు. ఆ ఇళ్లకు పునాది బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టెలు. వాటిలో ఇసుక బస్తాలు నింపి వరుసగా పేర్చి, పైన నేల పరిచి, కాగితం గొట్టాలతో గోడలు నిలిపారు. ఏ కంపెనీ పెట్టెలు వాడాలన్న ప్రశ్న వస్తే, ఒక కంపెనీవి ఎరుపు రంగులో ఉన్నాయి, గొట్టాల రంగుకు నప్పవని ఇంకో కంపెనీ పెట్టెలు అడిగి తెచ్చుకున్నారట బాన్. భూకంపంలో రంగుల పట్టింపేమిటి అంటారేమో. నాకు మాత్రం అది చాలా నచ్చింది. పేదవాడి ఇల్లయినా కంటికి ఇంపుగా ఉండాలని పట్టుబట్టని మనిషి ఆర్కిటెక్టు ఎందుకవుతాడు?

చర్చిని 160 మంది స్వచ్ఛంద సేవకులు 5 వారాల్లో లేపారు. దీర్ఘవృత్తాకారంలో నిలబెట్టిన 58 కాగితం గొట్టాలు దానికి స్తంభాలు. తాత్కాలికమని కట్టిన ఆ మందిరం పదేళ్లు నిలిచింది. 2005లో దాన్ని విప్పి తైవాన్‌కు పంపించారు. 1999 భూకంపంలో దెబ్బతిన్న పూలీ ప్రాంతంలో 2008లో మళ్లీ నిలబెట్టారు. కోబె పని జరిగిన 1995లోనే బాన్ స్వచ్ఛంద ఆర్కిటెక్టుల కోసం ఒక సంస్థ కూడా పెట్టారు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు భుజ్‌లో కూడా కాగితం గొట్టాల ఇళ్లు కట్టారు. అక్కడ బీరు పెట్టెలు లేవు. కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిలో నింపి, పైన మట్టి నేల అలికించారు. పైకప్పుకు వెదురు బద్దలు, అల్లిన చాపలు, మధ్యలో ప్లాస్టిక్ పట్టా. కోబె నక్షాను ఉన్నదున్నట్టు తెచ్చి దించలేదు.

ఇంతవరకూ గెలుపు కథలే చెప్పాను. ఓడిన కథ ఒకటి ఉంది, నా దృష్టిలో అది అన్నింటికన్నా ఎక్కువ తెలుసుకోవలసినది. 1999లో అమెరికాలో ఆర్కిటెక్చర్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ పుట్టింది. కామెరాన్ సింక్లెయిర్, కేట్ స్టోర్ స్థాపకులు. 2006లో సింక్లెయిర్‌కు టెడ్ ప్రసంగాల సంస్థ ఇచ్చే బహుమతి వచ్చింది. తుపానులు, భూకంపాలు వచ్చిన చోటికల్లా వెళ్లారు. 2010 భూకంపం తర్వాత హైతీలో బడులు కట్టారు. ఎన్నో నగరాల్లో స్వచ్ఛంద శాఖలు వెలిశాయి. స్థాపకులిద్దరూ 2013లో తప్పుకున్నారు. 2015 జనవరిలో సంస్థ మూతపడి దివాలాకు వెళ్లింది. విరాళాలు తగ్గాయి, ఖర్చులు అంచనాలు దాటాయి. పేరుప్రతిష్ఠలు జీతాలు ఇవ్వలేవు.

ఇలాంటి సంస్థలన్నింటికీ ఉన్న జబ్బు ఒకటుంది. బడికి డబ్బివ్వమంటే ఇస్తారు. ఆ బడి కట్టే ఇంజినీరు జీతానికి, ఆఫీసు అద్దెకు, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు ఫీజుకు ఇవ్వమంటే ముఖం తిప్పుకుంటారు. మన సంగతి వేరే చెప్పాలా? గుళ్లో ట్యూబులైటు ఇచ్చి, వెలుగు బయటికి రాకుండా దాని మీద దాత పేరు రాయించుకునే జాతి మనది. అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఊరి బడికి గది కట్టిస్తారు, మంచి పనే, శిలాఫలకం మెరుస్తూ ఉంటుంది. ఆ గది కప్పు ఏటా తనిఖీ చేయడానికి డబ్బివ్వండి అంటే ఏ ఫలకం మీద పేరు రాస్తారు?

దీనికి లండన్‌లో ఆర్టికల్ 25 అనే సంస్థ పట్టిన దారి నాకు ముచ్చటగా తోచింది. గూడు కూడా మనిషి హక్కేనని చెప్పే మానవ హక్కుల ప్రకటనలోని అధికరణం సంఖ్యనే పేరుగా పెట్టుకున్న సంస్థ అది. నగర పటంలో కొంత భాగాన్ని అడ్డంగా పది, నిలువుగా పది చొప్పున వంద గళ్లుగా విడగొట్టి, గడికి ఒకరు చొప్పున ఆర్కిటెక్టులకు, కళాకారులకు అప్పగిస్తారు. వాళ్లు తమ గడిలో తిరిగి ఒక బొమ్మ వేసిస్తారు. ఆ బొమ్మలు వేలం వేసి వచ్చిన డబ్బును సంస్థ పనికి వాడతారు. తమకు వచ్చిన విద్యనే అమ్ముడుపోయే సరుకుగా మార్చి ఇస్తున్నారన్నమాట.

మన నేల మీద కూడా దూరదేశపు చిన్న చందాలతో లేచిన ఇళ్లున్నాయి. అనంతపురం జిల్లాలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇళ్లంటే తెలియనివాళ్లు తక్కువ. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థ అది. స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు క్రమం తప్పకుండా పంపిన డబ్బు దానికి వెన్నెముకగా నిలిచింది. ఒక్కసారి ఇచ్చి మరచిపోయే విరాళానికీ, నెలనెలా వచ్చే చిన్న మొత్తానికీ ఉన్న తేడా ఆ జిల్లాకు వెళ్తే కనిపిస్తుంది. ఇళ్లను ఆడవాళ్ల పేరిట ఇవ్వడం వాళ్లు తీసుకున్న గొప్ప నిర్ణయం. తాగుడుకు ఇల్లు తాకట్టు పెట్టడం అంత తేలిక కాదు మరి.

మీ ఊళ్లో చందాలతో కట్టిన బడి, ఆసుపత్రి గది, తుపాను షెల్టరు ఏదైనా ఉంటే కామెంట్లలో రాయండి. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. ఎవరు గీశారు, కూలికి ఎవరొచ్చారు అన్నది చాలు. ఒక్క ప్రశ్నకు మాత్రం తప్పకుండా జవాబివ్వండి. రెండో వానాకాలంలో కప్పు కారినప్పుడు మరమ్మతు డబ్బు ఎవరు పెట్టారు? వచ్చే వీడియో మీ జవాబుల మీదే ఉంటుంది.