మంజూరు అడిగితే మంజూరే చెబుతారు: మానసిక ఆరోగ్యం, కాంట్రాక్టులు, చట్టసభల్లో ప్రశ్నలు

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్‌లో నాతో ఉన్నది చాలా ఏళ్లుగా అసెంబ్లీ, పార్లమెంటు సమావేశాలు కవర్ చేస్తున్న సీనియర్ విలేకరి. మేమంతా అన్నా అనే పిలుస్తాం, ఇక్కడా అదే. అన్నా, మానసిక ఆరోగ్యం మీద ప్రతి సమావేశాల్లోనూ ఎవరో ఒక ఎంపీ ప్రశ్న వేస్తూనే ఉంటారు. వాటితో ఏమైనా తేలుతుందా?

విలేకరి: అడిగే తీరును బట్టి ఉంటుందమ్మా. లోక్‌సభలో ఈ అంశం మీద వచ్చే జవాబు నాకు దాదాపు కంఠతా వచ్చేసింది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశమన్న మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 767 జిల్లాలకు మంజూరైందని ఉంటుంది. జిల్లా స్థాయిలో ఓపీ, కౌన్సెలింగ్, 10 పడకల వార్డు అందులో భాగమని చెబుతారు. దేశంలో 47 ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, వాటిలో మూడు కేంద్రానివి: బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ, తేజ్‌పూర్. చివర్లో టెలీ మానస్‌కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఇన్ని లక్షల కాల్స్ వచ్చాయని. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ మా జిల్లాలో ఆ పది పడకలు నిజంగా ఉన్నాయా, సైకియాట్రిస్టు పోస్టు ఖాళీగా ఉందా అంటే ఆ కాగితంలో దొరకదు.

హోస్ట్: దాస్తున్నారంటారా?

విలేకరి: దాచక్కర్లేదు, ఎవరూ అడగలేదు. 'మానసిక ఆరోగ్య సేవలు మెరుగుపరచడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి' అని అడిగితే చర్యల జాబితా వస్తుంది. మంజూరు అడిగితే మంజూరే చెబుతారు. అడగాల్సింది భర్తీ గురించి.

మన అసెంబ్లీ ప్రశ్నల కాగితం చూశావా? (అ) ఫలానా మాట వాస్తవమేనా, (ఆ) అయితే, ఆ వివరాలేమిటి. ఇలా ఉంటుంది. (అ)కి మంత్రి 'లేదండి' అన్నారంటే, (ఆ)కి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని వచ్చేస్తుంది. అయిపోయింది. 'జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు లేరన్న మాట వాస్తవమేనా' అని అడిగావనుకో, రాష్ట్రం మొత్తం మీద ఇద్దరున్నా 'లేదండి' అనొచ్చు. అదే 'జిల్లాలవారీగా మంజూరైన పోస్టులెన్ని, ఫలానా తేదీకి పనిలో ఉన్నవారెందరు' అని అడిగితే పట్టిక ఇవ్వాల్సిందే.

హోస్ట్: నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్న, లేని ప్రశ్న అంటారు. దేనికి బలం ఎక్కువ?

విలేకరి: గుర్తు ఉన్నదానికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 ఉంటాయి, వాటిలోనూ ప్రశ్నోత్తరాల గంటలో సగం కూడా పూర్తి కాని రోజులే ఎక్కువ. గుర్తు లేనివి 230, వాటికి రాతపూర్వక జవాబు. టీవీలో కనిపించేవి మొదటివి. లెక్కలు రాబట్టాలంటే నా ఓటు రెండో రకానికే. ఆ లెక్కలు చేతిలో ఉంటే మరుసటి సమావేశాల్లో అనుబంధ ప్రశ్న గట్టిగా వేయొచ్చు.

హోస్ట్: సరే, కాంట్రాక్టుల సంగతి. దీనికీ టెండర్లకూ ఏం సంబంధమని అడుగుతారు వినేవాళ్లు.

విలేకరి: నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదేనమ్మా. సేవ అంటే మనకు డాక్టరు, కౌన్సెలరు, మందు గుర్తొస్తాయి. ప్రభుత్వ ఫైళ్లలో వాటిలో చాలా భాగం ఒప్పందాలే. జిల్లా కార్యక్రమంలో సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు చాలాచోట్ల కాంట్రాక్టు మీద ఉంటారు. మందులు రాష్ట్ర వైద్య సేవల సంస్థ టెండరు పిలిచి, రేటు ఖరారు చేసి కొంటుంది. ఒప్పందం ఎక్కడ తెగితే సేవ అక్కడ ఆగుతుంది.

ఒక జిల్లా ఆసుపత్రిలో చూశాను, పేరు వద్దు. మందుల కౌంటర్ దగ్గర ఒకావిడ, కొడుకు చీటీ పట్టుకుని నిలబడింది. పాతికేళ్ల కుర్రాడు, బైపోలార్, అంటే అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు, దానికి లిథియం రాశారు. రోజూ వేసుకోవాల్సిన మందు, ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. లోపలి నుంచి 'స్టాక్ లేదమ్మా, బయట కొనుక్కో' అని చీటీ వెనక్కి ఇచ్చారు. ఆవిడ 'ఎప్పుడొస్తది సారూ' అని రెండుసార్లు అడిగింది. ఆ కౌంటర్‌లో ఉన్న అతనికీ తెలీదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏం చెబుతోంది? 18వ సెక్షన్ చూడు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్య మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో, ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. చట్టంలో రాసిన హక్కు అది. మరి ఆ కౌంటర్‌లో ఎందుకు లేదు? టెండరుకు ఎవరూ రాలేదా? వచ్చినవాడు సరఫరా చేయలేదా? పాత బిల్లులు ఆపారని చేయలేదా? జరిమానా వేశారా? ఎమ్మెల్యే అడగాల్సింది ఇది. 'మందుల కొరత ఉందా' అని అడిగితే ఆవిడకు ఏ మేలూ జరగదు.

హోస్ట్: ఒప్పందాల వివరాలు అడిగితే చెబుతారా అన్నా?

విలేకరి: ఓపిగ్గా పట్టుకుంటే చెప్పించొచ్చు. పాత కథ ఒకటుంది. 1957లో ప్రభుత్వ జీవిత బీమా సంస్థ ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటి రూపాయలకు పైగా పెట్టింది. ఫిరోజ్ గాంధీ అధికార పక్షం ఎంపీయే, అప్పటి ప్రధాని నెహ్రూకు అల్లుడు కూడా. అయినా వదల్లేదు. ఎవరు చెబితే పెట్టారు, ఏ రేటుకు కొన్నారు అని లెక్కలతో సభలో నిలదీశాడు. న్యాయమూర్తి చాగ్లా విచారణ సంఘం వచ్చింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఫిరోజ్ గాంధీ సభకు వచ్చేముందే సగం జవాబు సంపాదించుకుని వచ్చాడు. నాకు నచ్చేది అది.

హోస్ట్: సభలో జవాబు రాకపోతే?

విలేకరి: కమిటీలున్నాయి. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలను చూసే ప్రజాపద్దుల కమిటీకి పార్లమెంటులో 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. అక్కడ అధికారులు పక్కన ఫైళ్లు పెట్టుకుని కూర్చోవాలి. ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం 2023 ఆగస్టులో మానసిక ఆరోగ్యం మీదే ఒక నివేదిక ఇచ్చింది. లక్ష మందికి ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాల్సిన చోట మనకున్నది 0.75 అని అందులో ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి.

ఇంకోటి, 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం' అని మంత్రి అంటారు చూడు, అది హామీ కింద లెక్క. లోక్‌సభలో అయితే మూడు నెలల్లో నెరవేర్చాలి, అందుకు హామీల కమిటీ ఉంది. చాలామంది సభ్యులు ఆ జవాబు వినగానే వదిలేస్తారు. వదలకూడదు.

హోస్ట్: మన తెలుగు రాష్ట్రాల సంగతి?

విలేకరి: 1996లో ఈ జిల్లా కార్యక్రమం దేశంలో మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటమ్మా! అంటే దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు. అక్కడ ఇవాళ ఏ ఊళ్లో, వారానికి ఎన్ని రోజులు మానసిక వైద్యుడు కూర్చుంటున్నాడు? ఆ జిల్లా ఎమ్మెల్యేలు ఎవరైనా ఈ ఒక్క ప్రశ్న వేయాలి.

హోస్ట్: నేను ఒకటి రాసుకొచ్చా, చదువుతా. 'రాష్ట్రంలో మానసిక వ్యాధుల మందుల కొరత ఉన్న మాట వాస్తవమేనా. అయితే, తీసుకుంటున్న చర్యలేమిటి?'

విలేకరి: మొదటి ముక్క తీసెయ్. ఇలా రాయి: 'గత ఆర్థిక సంవత్సరంలో లిథియం, రిస్పెరిడోన్ మందులు ఏ జిల్లా ఆసుపత్రిలో ఎన్ని రోజులు నిల్వ లేవు, ఆ మందులకు టెండరు పిలిచిన తేదీ, ఒప్పందం కుదిరిన తేదీ, సరఫరా అందిన తేదీ ఏమిటి, ఆలస్యానికి విధించిన జరిమానా ఎంత, వసూలైనది ఎంత?'

హోస్ట్: తేదీలు మూడూ విడివిడిగానా?

విలేకరి: విడివిడిగానే. ఆ మధ్య ఖాళీల్లోనే అసలు సంగతి ఉంటుంది. మీ ఎమ్మెల్యే ఆఫీసులో ఇయ్యి, సమావేశాల తేదీలు ప్రకటించాక కాదు, ఇప్పుడే. పట్టిక వచ్చిందంటే మళ్లీ పిలువు, జిల్లా జిల్లాకూ కూర్చుని చూద్దాం.

హోస్ట్: తప్పకుండా అన్నా. వింటున్నవాళ్లలో మీకైనా, ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే సాయం కావాలంటే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.