ఇద్దరి మెడికల్, ఒకటే ఫైలు

అందరికీ నమస్కారమండీ. భార్యాభర్తలిద్దరూ వేరే దేశం వెళ్ళి స్థిరపడదాం అనుకున్నప్పుడు పాస్‌పోర్టులు, మ్యారేజ్ సర్టిఫికెట్, బ్యాంకు కాగితాలు అన్నీ నెలల ముందే సర్దుకుంటారు, మెడికల్ అంటే వీసాకి చేయించుకునే ఆరోగ్య పరీక్ష మాత్రం ఆఁ ఒక్కపూట పనే కదా అని చివరికి నెట్టేస్తారు. కానీ ఇద్దరిదీ ఒకటే ఫైలు అయినప్పుడు ఒకళ్ళ రిపోర్టు ఆగిందంటే రెండోవాళ్ళ వీసా కూడా ఆగుతుంది, అందుకే ఇవాళ దీని గురించి.

మీ డాక్టర్ ఎంత పేరున్న ఆయనైనా ఆయన రాసిచ్చింది ఇక్కడ చెల్లదండీ. ఆ దేశం గుర్తించిన డాక్టర్లే చేయాలి, ప్యానెల్ ఫిజీషియన్లు అంటారు, లిస్టు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ సైట్‌లోనే ఉంటుంది. అమెరికాలోనే ఉంటూ గ్రీన్‌కార్డుకి పెట్టుకునేవాళ్ళయితే సివిల్ సర్జన్ దగ్గర, అంటే దీనికోసం అక్కడి ప్రభుత్వం గుర్తించిన డాక్టర్ దగ్గర, ఐ-693 అనే మెడికల్ రిపోర్టు ఫారం చేయించుకోవాలి. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, బీపీ, గుండె, ఊపిరితిత్తులు చూస్తారు, కెనడా, ఆస్ట్రేలియాలకైతే యూరిన్ కూడా. ఆడవాళ్ళు నెలసరి రోజుల్లో యూరిన్ ఇవ్వకపోవడమే మంచిది, అందులో రక్తం కనపడితే మళ్ళీ రమ్మంటారు. అమెరికాకి టీకాల రికార్డు కూడా కావాలి.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి జాగ్రత్తగా వినండి. కెనడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఒక్కరే వెళ్తున్నా, భార్యో భర్తో తర్వాతెప్పుడో వస్తారనుకున్నా, వాళ్ళ పేరు అప్లికేషన్‌లో చూపించాలి, వాళ్ళకీ మెడికల్ చేయించాలి. ఇప్పుడు రావట్లేదు కదా ఖర్చెందుకు అని వదిలేస్తే, రేపు స్పాన్సర్ చేసి పిలిపించుకుందామంటే ఆ అర్హతే పోవచ్చు. కాస్త డబ్బు మిగులుతుందని కాపురాన్ని పణంగా పెట్టొద్దండీ.

ఇంక ఎక్కువగా ఆలస్యం చేసేది టీబీ. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా ఎక్స్‌రేలో మచ్చ కనపడితే కఫం పరీక్షకి పంపుతారు, మామూలుగా వరుసగా మూడు రోజులు పొద్దున్నే శాంపిల్ ఇవ్వాలి, దాన్ని ల్యాబ్‌లో కల్చర్ పెడతారు, అంటే టీబీ క్రిములు పెరుగుతాయేమో చూస్తారు, ఆ రిజల్ట్ పూర్తిగా రావడానికి 8 వారాల దాకా పడుతుంది. అన్ని వారాలూ రెండోవాళ్ళ రిపోర్టు గడువు కరిగిపోతూనే ఉంటుంది. అందుకే పాత ఎక్స్‌రే ఫిల్ములు, మందులు పూర్తిగా వాడినట్టు కాగితాలు ఉంటే మొదటిరోజే పట్టుకెళ్ళండి, పాత మచ్చకీ కొత్త మచ్చకీ తేడా డాక్టర్‌కి అక్కడే తెలుస్తుంది.

గర్భంతో ఉంటే ఎక్స్‌రేకి ముందే చెప్పండి, కాన్పయ్యాక తీయించుకోవడానికి చాలా దేశాలు ఒప్పుకుంటాయి. తట్టు టీకా, ఆటలమ్మ టీకా లాంటివి గర్భంలో వేయరు, అది అమెరికా వాళ్ళు కూడా మినహాయిస్తారు. ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసుకుంటున్న జంటలు ఈ లెక్క ముందే చూసుకుంటే హడావిడి ఉండదు.

షుగరుందనీ బీపీ ఉందనీ భయపడి దాచేవాళ్ళుంటారు, అలా చేయకండి, మందులతో అదుపులో ఉన్న జబ్బు ఉన్నంత మాత్రాన వీసా పోయినట్టే కాదు, దాచి దొరికిపోతే మాత్రం అబద్ధం చెప్పినట్టవుతుంది. కెనడాలో స్పాన్సర్ చేసిన భార్యనిగానీ భర్తనిగానీ వైద్యానికి ఎక్కువ ఖర్చవుతుందన్న కారణంతో తిరస్కరించరు. హెచ్ఐవీ ఉందని ఆపే రూల్‌ని అమెరికా 2010లోనే తీసేసింది. ఆస్ట్రేలియాకి 15 ఏళ్ళు, ఆపైన ఉన్న వాళ్ళకి ఆ టెస్టు చేస్తారు, పార్ట్‌నర్ వీసాల్లో హెల్త్ వేవర్, అంటే ఆరోగ్య షరతు నుంచి మినహాయింపు, అడగొచ్చు. ఇలాంటి విషయాలు భార్యాభర్తలిద్దరూ క్లినిక్‌కి వెళ్ళేముందే ఒకరికొకరు చెప్పుకోవాలి, అక్కడ రిపోర్టు చూశాక తెలియడం ఎవరికైనా చాలా బాధ. పరీక్షప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలని మీరు అడగొచ్చు, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలనీ అడగొచ్చు, భర్త ఎదురుగానే అన్నీ చెప్పాలనేం లేదు.

గడువు సంగతి కూడా చూసుకోండి. కెనడా మెడికల్ 12 నెలలు చెల్లుతుంది, ఆలోపు అక్కడ దిగాలి. అమెరికా ఇమ్మిగ్రెంట్ వీసాకి చేయించేది ఎక్కువగా 6 నెలలే, వీసా మీద వేసే తేదీ కూడా దాన్ని బట్టే ఉంటుంది. అందుకని ఇద్దరూ ఒకేరోజు అపాయింట్‌మెంట్ తీసుకోండి, కళ్ళజోడు, రోజూ వేసుకునే మందుల చీటీ, పాస్‌పోర్టు మర్చిపోకండి. ఇంటర్వ్యూలో ఇవ్వమని కవరు చేతికిస్తే, సీలు మాత్రం మీరు విప్పొద్దు.