ఒత్తు విరగకుండా: తిరుపతిలో ఒక డిజైనర్‌తో మాటామంతీ

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ తిరుపతిలో, అక్క వాళ్ల ఆఫీసులోనే కూర్చుని రికార్డ్ చేస్తా ఉన్నాం. కింద జిరాక్స్ షాపు, ఎదురుగా ఆటో స్టాండు. మధ్యమధ్యలో హారన్లు పడతాయి, సర్దుకోండి. అక్క డీటీపీతో, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చుకు పేజీలు కూర్చే పనితో, పెళ్లిపత్రికలతో మొదలుపెట్టి ఇప్పుడు వెబ్‌సైట్లు చేస్తున్నారు. నేను పని నేర్చుకున్నది ఈ ఆఫీసులోనే. అందుకే అక్కా అనే పిలుస్తా.

అక్క: పిలువు నాయనా, అలవాటైన పిలుపే కదా.

హోస్ట్: మనకొచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే అడుగుతాయక్కా. డిజైన్ ఎక్కడ నేర్చుకోవాలి, ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి అని.

అక్క: ముందు నేనొకటి అడుగుతా. డిజైన్లు చూసి దాచుకునే సైట్లున్నాయి కదా, పింటరెస్ట్, బిహాన్స్, వాటిలో కలిపి నువ్వు ఎన్ని డిజైన్లు దాచుకున్నావు?

హోస్ట్: వెయ్యి దాటుంటాయి.

అక్క: అందులో ఒక్కటి, ఫోన్ చూడకుండా, కాగితం మీద గీసి చూపించగలవా?

హోస్ట్: లేదక్కా. రంగులు గుర్తున్నాయి కానీ ఏది ఎక్కడుందో చెప్పలేను.

అక్క: కొత్త పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే. దాచుకునేది తగ్గించండి, ఒకటి తీసుకుని చేత్తో దించండి. మార్జిన్ ఎంత వదిలినాడు, హెడ్డింగ్‌కీ కింది లైనుకీ మధ్య ఎంత ఖాళీ పెట్టినాడు, ఇవన్నీ దించేటప్పుడే కంటికి ఆనతాయి. నాకు ఈ సంగతి కంప్యూటర్ ముందు తెలియలేదు, కాళహస్తిలో తెలిసింది.

హోస్ట్: కలంకారీ దగ్గరా?

అక్క: అవును. ఇక్కడి నుంచి గంట ప్రయాణం. 2005లోనే దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొత్తు అనే చట్టబద్ధమైన గుర్తింపు, వచ్చింది. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చినారు. అయినా మన డిజైన్ పిల్లల్లో సగం మంది ఆ గీసేచోట కూర్చుని చూడలేదు. నేను మూడు రోజులు వరసగా పోయి కూర్చున్నా. కలం అంటే ఏముంది, వెదురుపుల్ల. చివర సన్నగా చెక్కి, కొంచెం పైన ఉన్నిగుడ్డ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో దాన్ని నొక్కుతా ఉంటారు. నొక్కిన కొద్దీ రంగు దిగుతుంది. గీత లావు, సన్నం అంతా ఆ వేళ్లలోనే ఉంది.

హోస్ట్: గుడ్డ మీద రంగు పాకదా అక్కా?

అక్క: అందుకే గుడ్డను ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వుంటుంది కాబట్టి గీత పక్కకు పాకదు. నలుపు ఎట్లా వస్తుందో చూడు. బెల్లం, పాత ఇనుపముక్కలు నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిం అంటారు. కలంతో గీసినప్పుడు ఆ గీత లేత రంగులో ఉంటుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ తగిలి కళ్లముందే నల్లబడుతుంది. నేనైతే ఊపిరి బిగబట్టి చూసినా. ఇక దాన్ని చెరపలేరు.

హోస్ట్: అంటే ముందే నిర్ణయం అయిపోవాలి.

అక్క: అయిపోవాలి. రంగుల వరస కూడా అంతే. ముందు నలుపు గీతలు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగులో ఉడకబెడతారు. ఆ తర్వాత పసుపు, నీలం. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకడం. నలుపు గీతలతోనే కథ నిలబడకపోతే రంగు వచ్చి కాపాడదు. ఆ రోజు నుంచి నేను ఏ వెబ్‌పేజీ అయినా మొదట నలుపు తెలుపులోనే కస్టమర్‌కు చూపిస్తా. రంగేదీ అని అడుగుతారు. ముందు చదవండి, ఎక్కడ నొక్కాలో తెలుస్తోందా చెప్పండి అంటా.

హోస్ట్: కాళహస్తి పనిలో గళ్లు కూడా ఉంటాయి కదా.

అక్క: ఉంటాయి. పెద్ద గుడ్డల్లో నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. దాంతోపాటు కథ చెప్పే తెలుగు లైను. బొమ్మ, దాన్ని అంటిపెట్టుకుని మాట. మనం ఇప్పుడు వెబ్‌పేజీలో గళ్లుగా విడదీసి, ఒక్కోదాంట్లో బొమ్మ, మాట పెట్టి కార్డ్ లేఅవుట్ అంటున్నది దానికి దగ్గర చుట్టమే. అట్లాంటి గుడ్డ ఒకదాని ముందు కూర్చుని గళ్ల కొలతలు నోట్‌బుక్‌లో దించుకుంటే గ్రిడ్ గురించి, అంటే పేజీని గళ్లుగా పంచుకునే పద్ధతి గురించి, చాలా తెలుస్తుంది.

హోస్ట్: తెలుగు లైను అన్నారు కదా. ఆ పెళ్లిపత్రిక సంగతి చెప్తారా?

అక్క: చెప్తా, చెప్పాల్సిందే. అప్పటికి నేను కార్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌కు కొత్త. పెళ్లికూతురి పేరు లక్ష్మి. ఫాంట్ యూనికోడ్‌దే, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర కోడ్‌ది, స్క్రీన్ మీద టైటిల్ బొమ్మలా పెద్దగా పెట్టి, మిగతాది సరిగ్గా చూడకుండా ప్రెస్‌కు పంపినా. 800 కార్డులు అచ్చయి వచ్చినాయి. లోపల పేజీలో 'లక్‌ష్‌మి' అని ఉంది. పొల్లులు పైకి లేచి, ఒత్తులు విడిపోయి. వాళ్ల నాయన కార్డు చేతిలో పట్టుకుని ఏమీ అనలేదు. పిల్ల పేరు మీద వేలు పెట్టి అట్లా చూస్తా నిలబడినాడు. మళ్లీ అచ్చు వేయించి ఇచ్చినా, డబ్బు నాదే. ఆ వేలు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

హోస్ట్: అట్లా ఎందుకు విరుగుతుందో వినేవాళ్లకు చెప్పండక్కా.

అక్క: యూనికోడ్‌లో 'క్ష్మి' అనేది ఒకే ముక్కగా ఉండదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఇట్లా వరసగా ఉంటుంది. వాటిని కలిపి ఒత్తులుగా పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఆ పని చేస్తుంది, అందుకే వెబ్‌పేజీలో బాగానే కనిపిస్తుంది. ఇలస్ట్రేటర్‌లో అక్షరాలను లైన్లుగా పేర్చే భాగాన్ని కంపోజర్ అంటారు, మామూలుది ఉంటే కలవదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. పుస్తకాల పేజీలు చేసే ఇన్‌డిజైన్‌లోనూ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఉంది. నా దగ్గర చేరినోళ్లకు మొదటిరోజు నేర్పేది ఇదే. 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం', ఈ మూడూ టైప్ చేసి చూపించమంటా.

హోస్ట్: పాత డీటీపీ ఫైళ్ల నుంచి కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయే, అది వేరే సమస్య కదా?

అక్క: వేరే. అవి యూనికోడ్‌కు ముందరి ఫాంట్లు. లోపల ఉండేది ఇంగ్లీషు కోడే, పైన తెలుగు బొమ్మ తొడిగినారు. కన్వర్టర్‌లో వేసి మార్చుకుని, ఒకసారి మొత్తం చదువుకోవాలి. చదవకుండా ఎక్కించొద్దు.

హోస్ట్: లైన్ల మధ్య ఖాళీ గురించి కూడా నన్ను చాలాసార్లు కోప్పడినారు.

అక్క: కోప్పడక! ఇంగ్లీషు టెంప్లేట్ తీసుకొచ్చి తెలుగు పోస్తారు. ఇంగ్లీషులో కిందికి దిగేవి జీ, వై లాంటి నాలుగైదు అక్షరాలే. మనకు పైన గుడులు, కింద ఒత్తులు, ఒత్తు కింద మళ్లీ ఒత్తు. ఇప్పుడే ల్యాప్‌టాప్‌లో ఏదైనా తెలుగు వార్త తెరువు. పేరా మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ నొక్కు. లైన్ హైట్ 1.2 పెట్టు.

హోస్ట్: పెట్టినా... పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతున్నాయి.

అక్క: ఇప్పుడు 1.8 చెయ్యి.

హోస్ట్: ఊపిరి ఆడినట్టుంది.

అక్క: ఇది రూపాయి ఖర్చు లేని బడి. పక్కోడి పేజీని విప్పి, మార్చి చూసుకోవచ్చు. రిఫ్రెష్ చేస్తే మళ్లీ మామూలే, ఎవరికీ నష్టం లేదు.

హోస్ట్: ఫాంట్లు?

అక్క: గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు అని వెతుకు. పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, భువనవిజయమంతా మెనూలో కూర్చున్నట్టు ఉంటుంది. మన కాళహస్తి ధూర్జటి కూడా ఉన్నాడు. ఇవన్నీ ఓపెన్ లైసెన్స్‌వి, కస్టమర్ పనికి కూడా వాడుకోవచ్చు. మామూలు పేరాలకు నోటో సాన్స్ తెలుగు, మండలి వాడతా. పుస్తకంలాంటి పేజీకి టీరో తెలుగు. ధూర్జటిని శీర్షికకే ఉంచుతా, పేరాకు పెడితే కళ్లు అలసిపోతాయి.

హోస్ట్: కోడింగ్ వైపు?

అక్క: ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ అనే నేర్చుకునే సైట్లు. రెండూ ఉచితమే, ఇంగ్లీషులో ఉంటాయి. భయపడొద్దు, రోజుకొక పేజీ చాలు. సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు మాత్రం తప్పకుండా చూడండి. 2003లో డేవ్ షే అనే ఆయన మొదలుపెట్టినాడు. పేజీలో మాటలుండే హెచ్‌టీఎంఎల్ అందరికీ ఒకటే, మార్చేది రంగూ రూపం చెప్పే సీఎస్ఎస్ ఒక్కటే. ఒకే పేజీ వందరకాలుగా కనిపిస్తుంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేనోళ్లకు బొమ్మలు గీసుకోవడానికి ఇంక్‌స్కేప్ ఉంది, వెబ్‌పేజీ డిజైన్‌కు ఫిగ్మాలో ఉచిత ప్లాన్ ఉంది.

హోస్ట్: చిత్తూరు మామిడి పల్ప్ వాళ్ల సైటు నేను చేసినప్పుడు తెలుపు మీద మామిడిపండు పసుపులో అక్షరాలు పెట్టినా.

అక్క: ఎండలో ఫోన్ పట్టుకుని చూడమన్నా, గుర్తుందా? ఏమీ కనపడలేదు. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేలకీ వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. పసుపును నేలగా వేసి, అక్షరాలు ముదురు గోధుమరంగులో పెట్టినాక తోటలో రైతు కూడా చదవగలిగినాడు.

హోస్ట్: ఐకాన్ల మీద ఒక ఎక్సర్‌సైజ్ ఇస్తానన్నారు.

అక్క: ఇస్తా. అమెరికాలో 1974లో మొదలుపెట్టి రవాణాశాఖ కోసం గుర్తులు గీయించినారు, ఎయిర్‌పోర్టుల్లో మనం చూసే మరుగుదొడ్డి, లగేజీ, మెట్ల గుర్తులు. 1979కి మొత్తం 50 అయినాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ముందు వాటిలో పది చేత్తో దించండి. తల ఎంత గుండ్రం, ఒంటికీ చేతికీ మధ్య ఎంత సందు. తర్వాత మన ఊరికి రండి. ఇక్కడికి తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్లు వస్తారు. ఏ లిపీ చదవలేని ముసలోళ్లూ వస్తారు. చెప్పులు వదిలే చోటుకు ఆ 50లో గుర్తు లేదు.

హోస్ట్: కల్యాణకట్టకు?

అక్క: అదే నేను ఇవ్వాలనుకున్నది. మంగలి షాపు గుర్తు ఆ సెట్‌లో ఉంది. కల్యాణకట్టకు దాన్ని పెట్టగలమా?

హోస్ట్: పెట్టలేం. అక్కడ జరిగేది క్షవరం కాదు కదా, మొక్కు.

అక్క: మొక్కు. మా అమ్మ నా చిన్నప్పుడు అక్కడ కూర్చున్నప్పుడు చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉన్నింది. నాకు కత్తి గుర్తు లేదు, ఆ చేతులే గుర్తున్నాయి. మరి వేలెడంత గుర్తులో, ఒకే రంగులో, దూరం నుంచి చూసినోడికి తెలిసేలా ఏం గీస్తావు?

హోస్ట్: వంచిన తల... జోడించిన చేతులు... కానీ అట్లా గీస్తే గుడి అనుకుంటారేమో.

అక్క: అనుకుంటారు. అక్కడే పని ఉంది. కత్తి లేకుండా ఇరవై రకాలుగా పెన్సిల్‌తో గీసి తీసుకురా. సోమవారం బస్టాండ్‌లో పదిమందికి చూపించి అడుగుదాం.